సునాముఖి ఆకు: గుర్తింపు, నాణ్యత ప్రమాణాల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఫార్మసీ విద్యార్థులు, చిన్న ఆయుర్వేద తయారీదారులు, మూలికల కొట్లవాళ్ళు, కొందరు రైతులు మలబద్ధకానికి మందుగా వాడే సునాముఖి ఆకు గురించి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. ఒక జవాబు అర్థం కావడానికి ఇంకొకటి చదవక్కర్లేదు.

## మొదటి దశ: పేరు, మొక్క

సునాముఖి, నేల తంగేడు, సెన్నా, సనాయె, స్వర్ణపత్రి... ఇవన్నీ ఒకటేనా?

మందుగా వాడే ఆకు వరకు ఒకటే. తెలుగునాట మూలికల కొట్లో సునాముఖి అనో, నేల తంగేడు అనో అడుగుతారు. ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) దీన్ని స్వర్ణపత్రి అంటుంది, యునానీ వైద్యులు సనా అంటారు, ఇంగ్లిషు మందుల డబ్బాల మీద సెన్నా అని ఉంటుంది. అయితే కొన్నిచోట్ల నేల తంగేడు అని వేరే మొక్కల్ని కూడా పిలుస్తారు. కొనుగోలు కాగితం మీద వాడుక పేరు ఒక్కటే రాసి వదిలేస్తే, వచ్చిన సరుకు తప్పని తేలినా అడిగే దారి ఉండదు. వాడుక పేరు, శాస్త్రీయ నామం, మొక్కలో ఏ భాగం కావాలి అన్న మూడూ రాయండి.

మా ఊరి చుట్టుపక్కల పెరిగే తంగేడు ఆకే సునాముఖి కదా?

కాదు. బతుకమ్మలో పేర్చే, తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. సునాముఖిది సెన్నా అలెగ్జాండ్రినా. రెండూ ఒకే ప్రజాతి, రెండింటికీ పసుపు పూలే, ఎండిన ఆకులు దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. తంగేడుకు వైద్యంలో తన ఉపయోగాలు తనకున్నాయి, కానీ విరేచనం చేసే సెన్నోసైడ్లు దాని ఆకులో చెప్పుకోదగ్గంత ఉండవు. సునాముఖి అనుకుని తంగేడు ఆకు తీసుకున్న రోగికి మందు పనిచేయదు. ప్రపంచ వ్యాపారంలో తంగేడు ఆకుకు 'పాల్తె సెన్నా' అనే పేరే ఉంది. కల్తీ సరుకుగా అంత పాతకాలం నుంచీ దీని మీద కన్ను ఉంది.

చెట్టు దగ్గర నిలబడి చూసేవాళ్ళకు తేడా తేలిగ్గా తెలుస్తుంది. సునాముఖి ఆకులో 5 నుంచి 8 జతల చిరుఆకులు ఉంటాయి. అవి సన్నగా, కొస వైపు మొనదేలి ఉంటాయి. తంగేడులో 8 నుంచి 12 జతలు, కొస గుండ్రం. తంగేడు ఆకు కాడ మొదట్లో చెవి ఆకారంలో పెద్ద పత్రపుచ్ఛాలు కనిపిస్తాయి. సునాముఖి కాయ పొట్టిగా, వెడల్పుగా, కాగితంలా పలచగా ఉంటుంది. తంగేడు కాయ పొడవైనది.

ఒక పుస్తకంలో కాషియా అంగుస్టిఫోలియా అని ఉంది, మరో దాంట్లో సెన్నా అలెగ్జాండ్రినా అని ఉంది. రిపోర్టులో ఏది రాయాలి?

ఇప్పుడు ఆమోదంలో ఉన్న పేరు సెన్నా అలెగ్జాండ్రినా. మన దేశంలో పండే తిరునెల్వేలి రకాన్ని కాషియా అంగుస్టిఫోలియా అనీ, సూడాన్, ఈజిప్టు వైపు నుంచి వచ్చే అలెగ్జాండ్రియా రకాన్ని కాషియా అక్యుటిఫోలియా లేదా కాషియా సెన్నా అనీ చాలాకాలం వేర్వేరు జాతులుగా లెక్కపెట్టారు. వృక్షశాస్త్రజ్ఞులు తరవాత రెండింటినీ ఒకే జాతి కిందికి తెచ్చారు. ఫార్మకోపియాల్లో పాత పేర్లు ఇంకా కనిపిస్తాయి. మీరు ఏ ఫార్మకోపియా ప్రకారం పరీక్ష చేశారో అందులో ఉన్న పేరు రాసి, పక్కన ఇప్పటి పేరును పర్యాయనామంగా ఇవ్వండి. వాణిజ్య రకం తిరునెల్వేలిదా, అలెగ్జాండ్రియాదా అన్నదీ తప్పకుండా రాయాలి. జాతి ఒకటే అయినా సూక్ష్మదర్శిని కింద వచ్చే అంకెలు వేరు.

వౌచర్ స్పెసిమెన్ అంటే ఏమిటి? ఎండిన ఆకు కొని తెచ్చుకున్నవాళ్ళకు అది ఎలా దొరుకుతుంది?

పూలు, కాయలు, ఆకులతో ఉన్న కొమ్మను అద్ది, ఆరబెట్టి, షీటు మీద అతికించి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో రాసి, నంబరు వేయించి హెర్బేరియంలో భద్రపరిచే నమూనా అది. రేపు ఎవరైనా 'మీరు పరీక్షించినది నిజంగా ఈ మొక్కేనా?' అని అడిగితే చూపించగలిగే సాక్ష్యం అదొక్కటే. హైదరాబాదులో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. వృక్షశాస్త్ర విభాగాలున్న మన విశ్వవిద్యాలయాల్లో హెర్బేరియాలున్నాయి.

కొట్లో కొన్న ఎండాకుకు వౌచర్ తీయడం కుదరదు. విడి ఆకును చూసి వృక్షశాస్త్రజ్ఞులు జాతిని ధ్రువీకరించరు, ధ్రువీకరించకూడదు కూడా. దానికి దారి ఇది. పొలం నుంచో ఔషధ వనం నుంచో పూతకొచ్చిన మొక్కను తెచ్చి గుర్తింపు చేయించండి. అదే మొక్క ఆకును ఆరబెట్టి మీ ప్రామాణిక నమూనాగా దాచండి. కొన్న సరుకును దానితో పోల్చండి. చాలా థీసిస్‌లలో బజారులో కొన్న ఆకుకే గుర్తింపు పత్రం జతచేసి ఉంటుంది. ఆ పత్రానికి విలువ లేదు.

ఆకు అంటే మొత్తం ఆకా, చిరుఆకులు మాత్రమేనా? కాయలు కలిస్తే పర్వాలేదా?

మందుగా లెక్క చిరుఆకులే. మధ్య కాడ, కొమ్మల ముక్కలు పరాయి పదార్థం కిందికి వస్తాయి. సునాముఖి కాయలు కూడా మందే, వాటిలోనూ సెన్నోసైడ్లు ఉంటాయి, కానీ వాటి ప్రమాణాలు వేరు. రెండూ కలిపిన సరుకు ఏ ప్రమాణానికీ సరిపోదు.

## రెండో దశ: పొలం, కోత, ఆరబెట్టడం

ఆకు ఎప్పుడు కోస్తే మందు బలం ఎక్కువగా ఉంటుంది?

ఆకు బాగా విచ్చుకుని, ఇంకా ముదరకముందు, పూత ఊపందుకోకముందు. తమిళనాడులో తిరునెల్వేలి, తూత్తుకుడి, రామనాథపురం వైపు పండించే రైతులు విత్తిన రెండు నెలలు దాటాక మొదటి కోత కోస్తారు, ఆ తరవాత నెలకు పైగా ఎడం ఇస్తూ మరో రెండు కోతలు తీస్తారు. పూత వస్తే మొక్క బలం కాయకు మళ్ళుతుంది, ఆకు దిగుబడి తగ్గుతుంది. అందుకే తొలి పూకొమ్మలను తుంచేస్తారు. లక్నోలోని సీమాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) విడుదల చేసిన సోనా, గుజరాత్‌లోని ఆనంద్ నుంచి వచ్చిన ఏఎల్‌ఎఫ్‌టీ-2 వంటి రకాలు ఆకు కోసం ఎంపిక చేసినవే. రెండోది ఆలస్యంగా పూస్తుంది.

రాయలసీమ లాంటి వాన తక్కువ నేలలు ఈ పంటకు అనువైనవే. నీరు నిలిచే నల్లరేగడిలో వేరు కుళ్ళుతుంది. రైతులకు నేను మరీ మరీ చెప్పేది, కోత తేదీ రాసి పెట్టుకోమని. ప్రయోగశాలలో తక్కువ శాతం వచ్చినప్పుడు కారణం వెతకడానికి అంతకంటే పనికొచ్చే సమాచారం లేదు.

ఎండలో ఆరబెట్టాలా, నీడలోనా?

నీడలో, పలచగా పరిచి, రోజూ తిరగేస్తూ. దీనికి రసాయన కారణం ఉంది. పచ్చి ఆకులో ఉండే చిన్న అణువులు ఆరే క్రమంలో ఎంజైముల వల్ల జతకట్టి సెన్నోసైడ్లుగా మారతాయి. ఈ మార్పుకు మితమైన వేడి చాలు. 40 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసుకోవడం మేలు. వేడి మరీ ఎక్కువైతే ఎంజైములు చచ్చిపోతాయి, ఉన్న సెన్నోసైడ్లు విడిపోతాయి. మరోవైపు, తడిగా కుప్పపోస్తే ఆకు లోపల వేడెక్కి నల్లబడుతుంది, బూజు పడుతుంది. మట్టి నేల మీద కాకుండా టార్పాలిన్ మీదో సిమెంటు కళ్ళం మీదో ఆరబెట్టండి. ఇసుక కలిసిన ఆకు బూడిద పరీక్షలో తప్పుతుంది.

ఆకు పసుపు తిరిగితే నాణ్యత పోయినట్టేనా?

తిరునెల్వేలి సునాముఖి సహజ రంగే పసుపు కలిసిన లేత ఆకుపచ్చ. అది లోపం కాదు. గోధుమ రంగు, నల్ల మచ్చలు, ముక్కవాసన ఉంటే అనుమానించాలి. రంగు బాగుందన్న ఒక్క కారణంతో సరుకుకు ఎక్కువ ధర పెట్టడం మాత్రం సరికాదు. పచ్చగా నిగనిగలాడే ఆకులో సెన్నోసైడ్లు తక్కువ ఉండవచ్చు.

## మూడో దశ: సరుకు చేతికి వచ్చాక

నలభై బస్తాలు వచ్చాయి. ఎన్ని విప్పి చూడాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతి తేలిక. 5 లేదా అంతకు తక్కువ బస్తాలుంటే అన్నీ విప్పాలి. 6 నుంచి 50 వరకు ఉంటే ఐదింటిలోంచి తీయాలి. 50 దాటితే బస్తాల సంఖ్యను పై పదికి సవరించి, అందులో పదో వంతు తీయాలి. అంటే 40 బస్తాలకు 5, 120 బస్తాలకు 12. ప్రతి బస్తాలో పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి మూడుచోట్ల తీయండి.

అలా తీసినదంతా కలిపి చదునుగా చతురస్రంలా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుని మిగతావి తీసేయండి. మీకు కావలసినంత మిగిలేదాకా ఇదే చేయండి. పై నుంచి ఒక గుప్పెడు తీసి ల్యాబుకు పంపితే వచ్చేది ఆ గుప్పెడు రిపోర్టు మాత్రమే. ఎండాకు రవాణాలో నలిగితే పొడి, ఇసుక అడుక్కి దిగుతాయి. కల్తీ చేసేవాళ్ళు కూడా మంచి ఆకును పైనే ఉంచుతారు.

కంటితో చూసి సునాముఖి అని ఎలా చెప్పాలి?

ఒక చిరుఆకును తెల్లకాగితం మీద పెట్టి ఆకు మొదలు చూడండి. ఈనెకు రెండు వైపులా ఆకు ఒకే ఎత్తులో మొదలవదు, ఒక పక్క కాస్త కిందికి దిగి ఉంటుంది. అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు ఇది. అంచు కోతలు లేకుండా నున్నగా ఉంటుంది. కొస మొనదేలి, చివర చిన్న ముల్లు లాంటి మొన ఉంటుంది. పొడవు 2.5 నుంచి 5 సెంటీమీటర్లు. ముట్టుకుంటే పలచగా, పెళుసుగా ఉంటుంది. బేళ్ళుగా నొక్కి కట్టడం వల్ల తిరునెల్వేలి ఆకు మీద అడ్డంగా, ఏటవాలుగా ఒత్తిడి గీతలు కనిపిస్తాయి, ఆకులు చాలావరకు విరగకుండా ఉంటాయి. అలెగ్జాండ్రియా రకం కాస్త చిన్నది, బూడిద పచ్చ రంగు, విరిగిన ముక్కలు ఎక్కువ. నోట్లో వేసుకుంటే మొదట జిగురు, తరవాత కొద్దిగా చేదు. వాసన తక్కువ.

తంగేడు ఆకు కలిపితే ఎలా పట్టుకోవాలి?

ఆకు ముక్కలుగా ఉంటే ముందు లెన్సు పట్టండి. తంగేడు చిరుఆకు కొస గుండ్రంగా, మొదలు రెండు వైపులా దాదాపు సమానంగా ఉంటుంది. అనుమానం మిగిలితే ఆమ్ల పరీక్ష చేయండి. 80 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తే తంగేడు ఆకు ఎర్రగా, కెంపు రంగుకు తిరుగుతుంది. సునాముఖి అలా తిరగదు. ఇది శిక్షణ ఉన్నవాళ్ళు ల్యాబులో, కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకుని చేయాల్సిన పరీక్ష. కొట్లోనో ఇంట్లోనో చేయకండి.

సూక్ష్మదర్శిని ఉంటే అడ్డుకోత తీయండి. సునాముఖిలో స్తంభ మృదుకణజాలం (నిలువుగా పేర్చినట్టున్న కణాల వరస) ఆకు పైవైపూ కిందివైపూ కూడా ఉంటుంది. తంగేడులో పైవైపు మాత్రమే. తంగేడు ఆకు మీది కేశాలు (సన్న వెంట్రుకలు) పొడవైనవి. లెన్సు, ఆమ్లం, సూక్ష్మదర్శిని మూడూ కలిసి చెప్తే ఇక సందేహం ఉండదు.

పరాయి పదార్థం ఎలా లెక్కకట్టాలి?

సుమారు 250 గ్రాముల ఆకు తూచి, పలచగా పరిచి, కాడలు, కాయలు, వేరే ఆకులు, రాళ్ళు, పురుగులు వేటికవి ఏరి తూయండి. శాతంగా రాయండి. కాడలను, మిగతా చెత్తను విడిగా నమోదు చేయండి, ఎందుకంటే ఫార్మకోపియాలు వాటికి వేర్వేరు పరిమితులు ఇస్తాయి. ఎలుక పెంటిక ఒక్కటి కనిపించినా శాతం లెక్కలోకి వెళ్ళకుండా ఆ లాటును తిప్పి పంపండి.

## నాలుగో దశ: సూక్ష్మదర్శిని కింద

మా దగ్గర పొడి మాత్రమే ఉంది. గుర్తించడం సాధ్యమేనా?

సాధ్యమే. పొడిని క్లోరల్ హైడ్రేట్ ద్రావణంలో వేడిచేసి తేటపరచి చూడండి. నాలుగు గుర్తులు వెతకాలి. ఒకటి, ఏకకణ కేశాలు: గోడలు మందంగా, పైన మొటిమల్లాంటి గరుకుతో, మొదట్లో వంగి ఉంటాయి. రెండు, పత్రరంధ్రానికి ఇరుపక్కలా సమాంతరంగా పడుకున్న రెండు అనుబంధ కణాలు, అంటే ప్యారాసైటిక్ రకం. మూడు, ఈనెల వెంబడి నారల పక్కన వరసగా పేర్చినట్టున్న కాల్షియం ఆక్సలేట్ పట్టకాలు. నాలుగు, ఆకు మధ్య కణజాలంలో నక్షత్రాల్లాంటి స్ఫటిక గుచ్ఛాలు. బాహ్యచర్మ కణాల్లో జిగురు కూడా ఉంటుంది. రుథేనియం రెడ్ వేస్తే అది గులాబీ రంగు పడుతుంది.

మీ పొడిలో రెండు మూడు కణాల కేశాలు కనిపిస్తే అది సునాముఖిది కాదు. ఆఫ్రికా సరుకులో పూర్వం నుంచీ కలుస్తూ వచ్చిన ఆర్ఘెల్ ఆకు గుర్తు అది. అలాగే పిండిరేణువులు గుంపులుగా కనిపిస్తే ఏదో గింజపిండో దుంపపిండో కలిసిందని అనుకోవాలి.

చదరపు మిల్లీమీటరుకు పత్రరంధ్రాలు ఎన్నో లెక్కపెడితే చాలదా? స్టొమాటల్ ఇండెక్స్ ఎందుకు?

పత్రరంధ్రాల సంఖ్య ఆకు వయసుతో, నీటి ఎద్దడితో మారుతుంది. ఆకు సాగే కొద్దీ రంధ్రాలు దూరమవుతాయి. ఇండెక్స్ అంటే మొత్తం బాహ్యచర్మ కణాల్లో రంధ్రాల వాటా. కణాలూ రంధ్రాలూ కలిసే సాగుతాయి కాబట్టి ఆ వాటా పెద్దగా మారదు. ఒక క్షేత్రంలో 20 రంధ్రాలు, 90 బాహ్యచర్మ కణాలు ఉన్నాయనుకోండి. 20ని 110తో భాగించి 100తో గుణిస్తే 18.2 వస్తుంది. ఒక్క క్షేత్రం చాలదు. వేర్వేరు ఆకుల మీద, పై ముఖం కింది ముఖం విడివిడిగా లెక్కపెట్టి, సగటుతో పాటు కనిష్ఠ గరిష్ఠాలు ఇవ్వండి.

నా చేతిలో ఉన్నది మన తిరునెల్వేలి ఆకా, అలెగ్జాండ్రియా ఆకా?

ఇక్కడ అంకెలే తేలుస్తాయి. తిరునెల్వేలి ఆకులో చదరపు మిల్లీమీటరుకు ఈనెల గళ్ళు (సన్న ఈనెల మధ్య చిక్కిన చిన్న గళ్ళు) 19.5 నుంచి 22.5 వరకు, అలెగ్జాండ్రియా ఆకులో 25 నుంచి 29.5 వరకు ఉంటాయి. స్టొమాటల్ ఇండెక్స్ మొదటిదానికి సుమారు 17 నుంచి 20, రెండోదానికి 11 నుంచి 13. రెండు కొలతల్లోనూ పరిధులు ఒకదాని మీదికి ఒకటి రావు. అందుకే వీటికి ఇంత విలువ. కేశాలు కూడా సాయం చేస్తాయి. అలెగ్జాండ్రియా ఆకు మీద దగ్గర దగ్గరగా, సుమారు మూడు కణాల ఎడంతో ఉంటాయి. తిరునెల్వేలి ఆకు మీద ఆరు కణాల ఎడం.

స్తంభకణ నిష్పత్తి, అంటే ఒక్కో బాహ్యచర్మ కణం కింద ఎన్ని స్తంభకణాలున్నాయన్న లెక్క, ఈ రెండింటినీ విడదీయడానికి పనికిరాదు. రెండింటి పరిధులూ కలిసిపోతాయి. ప్రాక్టికల్స్‌లో నేర్పుతారు కాబట్టి చాలామంది దాని మీదే సమయం పెడతారు. ఆ సమయం ఈనెల గళ్ళ మీద పెట్టండి.

నా అంకెలు పుస్తకంలో అంకెలతో కలవలేదు. ఆకు తప్పా, నేను తప్పా?

ముందు కొలబద్ద చూడండి. స్టేజ్ మైక్రోమీటరుతో క్రమాంకనం చేసింది ఒక ఆబ్జెక్టివ్‌కు, లెక్కపెట్టింది మరో ఆబ్జెక్టివ్‌తో అయితే అన్నీ తప్పుతాయి. తరవాత ఆకులో ఏ చోటు తీసుకున్నారో చూడండి. ఈనెల గళ్ళు మధ్య ఈనెకు, అంచుకు నడుమ ఉన్న భాగంలో లెక్కపెట్టాలి. పక్కపక్కనే ఉన్న నాలుగు చదరపు మిల్లీమీటర్లలో లెక్కపెట్టి నాలుగుతో భాగించాలి. అందులో 84 గళ్ళు వస్తే మీ సంఖ్య 21. చతురస్రం అంచు మీద పడ్డ గళ్ళను ఒక రెండు వైపులవే కలుపుకోవాలి, నాలుగు వైపులవీ కలుపుకుంటే సంఖ్య పెరిగిపోతుంది. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా తేడా వస్తే, దిద్దకుండా ఉన్నది ఉన్నట్టే రాయండి. పుస్తకంలోని అంకెకు దగ్గరగా రావాలని సర్దిన అంకె, ఆకు తప్పని చెప్పే అవకాశాన్నే పోగొడుతుంది.

## ఐదో దశ: బూడిద, సారం, తేమ

మొత్తం బూడిద, ఆమ్లంలో కరగని బూడిద: రెండూ ఎందుకు?

మొత్తం బూడిదలో ఆకు తనలో సహజంగా దాచుకున్న ఖనిజాలూ, పైనుంచి అంటిన మట్టీ రెండూ కలిసి ఉంటాయి. సునాముఖిలో కాల్షియం ఆక్సలేట్ ఎక్కువ, కాబట్టి బూడిద ఎలాగూ ఎక్కువే వస్తుంది. ఆ బూడిదను సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఐదు నిమిషాలు మరిగిస్తే ఆకు ఖనిజాలు చాలావరకు కరిగిపోతాయి. మిగిలేది ప్రధానంగా ఇసుక. ప్రపంచ ఆరోగ్య సంస్థ మోనోగ్రాఫ్‌లో (ఒక్కో మూలికకు రాసిన ప్రమాణాల పత్రంలో) సునాముఖి ఆకుకు మొత్తం బూడిద 12 శాతం, ఆమ్లంలో కరగనిది 2 శాతం మించకూడదని ఉంది. నేలబారు పంట కాబట్టి రెండో అంకె మీదే కన్నుంచాలి. మఫుల్ ఫర్నేస్‌లో 450 డిగ్రీలు దాటనివ్వకండి. అంతకు మించితే కొన్ని లవణాలు ఆవిరై, బూడిద తక్కువగా కనిపిస్తుంది.

నీటిలో కరిగే సారం పరీక్ష వల్ల తెలిసేది ఏమిటి?

ఆకులోంచి సారం ముందే తీసేశారా లేదా అన్నది. సెన్నోసైడ్ల కోసం టన్నుల కొద్దీ ఆకును పిండే పరిశ్రమ ఉంది. పిండగా మిగిలిన పిప్పిని ఆరబెట్టి మంచి ఆకులో కలిపితే సూక్ష్మదర్శిని పట్టుకోలేదు, ఎందుకంటే కేశాలు, స్ఫటికాలు అన్నీ అలాగే ఉంటాయి. సారం శాతం మాత్రం పడిపోతుంది.

పద్ధతి ఇది. 5 గ్రాముల ముతకపొడిని 100 మిల్లీలీటర్ల క్లోరోఫాం నీటిలో మూతపెట్టి నానబెట్టాలి. మొదటి 6 గంటలు మధ్యమధ్య కుదుపుతూ, తరవాత 18 గంటలు కదపకుండా ఉంచాలి. వడకట్టి 25 మిల్లీలీటర్లు తీసి ఆవిరిచేసి, 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి తూయాలి. ఆ 25 మిల్లీలీటర్లు 1.25 గ్రాముల ఆకుకు సమానం. మిగిలినది 0.35 గ్రాములైతే సారం 28 శాతం.

తేమ ఎంత ఉండాలి?

10 శాతం లోపు. వానాకాలంలో కొన్న ఆకుకు ఈ పరీక్ష తప్పనిసరి. తేమ ఎక్కువున్న ఆకు తూకంలో మిమ్మల్ని మోసం చేస్తుంది, తరవాత బూజు పడుతుంది. సుగంధ తైలాలు లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి తగ్గిన బరువు చూస్తే సరిపోతుంది.

## ఆరో దశ: రసాయన పరీక్షలు

బోర్న్‌ట్రేగర్ పరీక్షలో ఎర్రరంగు రాలేదు. ఆకు నకిలీదా?

తొందరపడకండి. ఈ ప్రశ్న నాకు అందరికంటే విద్యార్థుల నుంచి ఎక్కువ వస్తుంది. ఈ పరీక్షలో అమ్మోనియాతో ఎర్రరంగు ఇచ్చేవి చక్కెర తగలకుండా స్వేచ్ఛగా ఉన్న ఆంత్రాక్వినోన్లు (సెన్నోసైడ్ల కుటుంబపు రసాయనాలు). సునాముఖిలో ప్రధానంగా ఉన్న సెన్నోసైడ్లు చక్కెర అణువులు తగిలించుకున్న డైఆంత్రోన్లు అనే జంట అణువులు. వాటిని నేరుగా ఈథరులో కలిపి అమ్మోనియా వేస్తే రంగు రాదు. ముందు ఆమ్లంతో వేడిచేసి చక్కెరను విడదీయాలి, తరవాత ఆక్సీకరణ జరగాలి.

25 మిల్లీగ్రాముల పొడిని 50 మిల్లీలీటర్ల నీరు, 2 మిల్లీలీటర్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో నీటితొట్టిలో 15 నిమిషాలు వేడిచేయండి. చల్లార్చి ఈథరుతో కుదపండి. ఈథరు పొరను విడదీసి, తేమ తీసి, దాన్నుంచి 5 మిల్లీలీటర్లను ఆవిరిచేయండి. చల్లారిన అవశేషానికి సజల అమ్మోనియా కలిపితే మొదట పసుపు లేదా నారింజ రంగు వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి 'నెగటివ్' అని రాస్తారు. మరో రెండు నిమిషాలు నీటితొట్టిలో ఉంచితే ఎరుపు కలిసిన ఊదారంగు తేలుతుంది. ఆమ్లంతో వేడిచేసే దశలోనే ఫెర్రిక్ క్లోరైడ్ కలిపే సవరించిన పద్ధతీ ఉంది.

ఈథరు దగ్గర మంట ఉండకూడదు. అలాగే ఈ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన అది సునాముఖి అయిపోదు. కలబంద మూసాంబరం, రేవల్చిన్ని వంటివి కూడా ఆంత్రాక్వినోన్ల కుటుంబమే.

టీఎల్‌సీ (పలచటి పొర మీద పదార్థాలను విడదీసే పరీక్ష) ప్లేటు మీద ఏం చూడాలి?

సిలికా జెల్ ప్లేటు మీద ఎసిటిక్ ఆమ్లం, నీరు, ఇథైల్ ఎసిటేట్, ప్రొపనాల్ 1:30:40:40 నిష్పత్తిలో నడపండి. నత్రికామ్లం చల్లి వేడిచేసి, తరవాత పొటాషియం హైడ్రాక్సైడ్ చల్లితే పట్టీలు రంగు తేలతాయి. కింది నుంచి పైకి సెన్నోసైడ్ బి, ఎ, డి, సి వరసలో ఉంటాయి. పక్కనే మీ ప్రామాణిక ఆకు సారాన్ని కూడా నడపండి. శుద్ధ సెన్నోసైడ్ ఒక్కదానితో పోలిస్తే ఆ పదార్థం ఉందో లేదో మాత్రమే తెలుస్తుంది. ఆకుతో ఆకును పోలిస్తే మొత్తం వరస తెలుస్తుంది, అదనంగా కనిపించిన పట్టీ కల్తీని పట్టిస్తుంది.

2.5 శాతం అన్న అంకె ఎందుకంత ముఖ్యం?

ఎక్కువ ఫార్మకోపియాలు చాలాకాలంగా సునాముఖి ఆకులో హైడ్రాక్సీఆంత్రసీన్ గ్లైకోసైడ్లు (సెన్నోసైడ్లు, వాటి కుటుంబ పదార్థాలు), సెన్నోసైడ్ బి లెక్కన, 2.5 శాతానికి తగ్గకూడదని అడుగుతూ వచ్చాయి. దాని అర్థం రోగి మోతాదులో ఉంది. పెద్దలకు రోజుకు 15 నుంచి 30 మిల్లీగ్రాములు సాధారణ మోతాదు. 2.5 శాతం ఉన్న ఆకు ఒక గ్రాములో 25 మిల్లీగ్రాములు వస్తాయి. 1 శాతమే ఉంటే 10 మిల్లీగ్రాములు, రోగికి ఫలితం ఉండదు. 4 శాతం ఉంటే 40, కడుపునొప్పి, నీళ్ళ విరేచనాలు తప్పవు. ఒకే చూర్ణం ఒక నెల పనిచేసి మరో నెల చేయకపోవడానికి, ఇంకో నెల ఇబ్బంది పెట్టడానికి కారణం ఈ తేడాయే. తయారీదారులు 'కనీసం' తో ఆగకుండా తమ లాట్లకు పై హద్దు కూడా పెట్టుకోవాలని నా అభిప్రాయం.

ఒకే శాంపిల్‌కు స్పెక్ట్రోఫోటోమీటరు (రంగు గాఢతను కొలిచే యంత్రం) ఒక అంకె, హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) ఇంకో అంకె ఇచ్చాయి. ఏది నమ్మాలి?

రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. స్పెక్ట్రోఫోటోమీటరు పద్ధతిలో గ్లైకోసైడ్లన్నిటినీ విడదీసి, ఆక్సీకరించి, మెగ్నీషియం ఎసిటేట్‌తో వచ్చిన రంగును 515 నానోమీటర్ల వద్ద కొలుస్తారు. ఆ కుటుంబం మొత్తం అందులోకి వస్తుంది. హెచ్‌పీఎల్‌సీ సెన్నోసైడ్ ఎ, బిలను విడివిడిగా కొలుస్తుంది, అందుకే సాధారణంగా తక్కువ చూపిస్తుంది. ఏ ప్రమాణంతో పోలుస్తున్నారో ఆ ప్రమాణం చెప్పిన పద్ధతితోనే కొలవాలి. రిపోర్టులో పద్ధతి పేరు లేకపోతే ఆ శాతానికి అర్థం లేదు.

డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఇవన్నీ అక్కర్లేదు కదా?

జాతి తేల్చడంలో డీఎన్‌ఏ బార్‌కోడింగ్ గట్టి సాక్ష్యం. ఐటీఎస్‌2 వంటి డీఎన్‌ఏ భాగాలతో తంగేడును, సునాముఖిని విడదీయవచ్చు. కానీ ఆ ఆకు ఎప్పుడు కోశారో, ఎలా ఆరబెట్టారో, సెన్నోసైడ్లు ఎంత ఉన్నాయో, ఇసుక ఎంత కలిసిందో డీఎన్‌ఏ చెప్పదు. కాడల పొడికీ ఆకు పొడికీ ఒకే డీఎన్‌ఏ.

## ఏడో దశ: భద్రత, నిల్వ, ఆపైన

భారలోహాలు, సూక్ష్మజీవుల పరీక్ష ప్రతి లాటుకూ చేయాలా?

లోపలికి తీసుకునే మందుకు చేయాలి. ఆయుర్వేద ఫార్మకోపియా పరిమితులు సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఇన్ని వంతులు). గ్రాముకు మొత్తం బ్యాక్టీరియా లక్ష, ఈస్టు, బూజులు కలిపి వెయ్యి దాటకూడదు. ఈ.కోలై, సాల్మొనెల్లా అసలు ఉండకూడదు. రోడ్డు పక్క ఆరబెట్టిన సరుకు విషయంలో సీసం ఫలితం వచ్చేదాకా ఆగండి.

ఎంతకాలం నిల్వ ఉంటుంది?

వెలుతురు, తేమ తగలకుండా ఉంచితే ఆకు నిలుస్తుంది. పొడి చేశాక త్వరగా చెడుతుంది, అందుకే ఆకుగానే దాచి, అవసరమైనప్పుడు పొడి చేసుకోండి. గడువు అంకెను ఊహించి వేయకూడదు. మీ గోదాములో, మీ ప్యాకింగులో ఉంచిన నమూనాలో సెన్నోసైడ్లను నిర్ణీత వ్యవధుల్లో కొలిచి గడువు నిర్ణయించాలి.

ఇంట్లో మలబద్ధకానికి వాడుకుంటాం. మాకు ఈ ప్రమాణాలతో పనేముంది?

విడి ఆకు కొంటే అందులో మందు ఎంతుందో మీకు తెలియదు, అంతే పని. రాత్రి తీసుకుంటే 6 నుంచి 12 గంటల్లో పనిచేస్తుంది. పనిచేయలేదని రెండో మోతాదు వెంటనే తీసుకోకండి. వారం, పది రోజులకు మించి రోజూ వాడకూడదు, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. గుండెజబ్బుకు డిజాక్సిన్ వాడేవాళ్ళకు అది ప్రమాదం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, కారణం తెలియని కడుపునొప్పి ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా ముట్టుకోవద్దు.

సునాముఖికి ఫార్మకోపియా ఉంది. లేని ఆకుకు ప్రమాణాలు మేమే పెట్టాలంటే ఎలా మొదలుపెట్టాలి?

పూతతో ఉన్న మొక్కకు గుర్తింపు చేయించి వౌచర్ పెట్టడంతో మొదలుపెట్టండి. ఆ తరవాత ఒక్కచోటి ఆకుతో ఆగిపోకండి. వేర్వేరు జిల్లాల నుంచి, వేర్వేరు కాలాల్లో, లేత ముదురు ఆకులు విడివిడిగా సేకరించండి. ఒకే తోటలోని ఆకుతో కట్టిన పరిమితి ఆ తోటకే పనికొస్తుంది. దగ్గరి బంధువులైన మొక్కలు, బజారులో దాని పేరుతో అమ్ముడయ్యే ఇతర ఆకులు కూడా పక్కన పెట్టి అవే పరీక్షలు చేయాలి. మీ మొక్కను వాటినుంచి విడదీయని కొలత ఎంత కచ్చితంగా ఉన్నా గుర్తింపుకు పనికిరాదు.

పరిమితులు కట్టేటప్పుడు సగటును పరిమితిగా పెట్టే పొరపాటు తరచుగా కనిపిస్తుంది. అలా పెడితే మంచి సరుకులో సగం తప్పుతుంది. అసలైన నమూనాలన్నిటి వ్యాప్తి చూసి, బూడిద, తేమలకు పై హద్దు, సారానికి, క్రియాశీల పదార్థానికి కింది హద్దు పెట్టండి. క్రియాశీల పదార్థం ఏదో ఇంకా తెలియని మొక్కలైతే ఒక సూచక పదార్థాన్ని ఎంచుకుని, అది సూచక పదార్థం మాత్రమేనని స్పష్టంగా రాయండి. చివరగా, మీరు రాసిన పద్ధతిని వేరే ల్యాబులో, మీరు పక్కన లేకుండా, ఆ కాగితం ఒక్కటే చూసి చేయించండి. వాళ్ళకు అవే ఫలితాలు వస్తే అప్పుడు దాన్ని ముసాయిదా ప్రమాణంగా బయటపెట్టవచ్చు.